పాత ల్యాబ్‌కి పై స్థాయి భద్రత కావాలంటే ముందు డ్రైనేజీ చూడండి

పోయిన సంచికలో బర్డ్ ఫ్లూ మీద ఇచ్చిన జవాబు చదివాక చాలామంది ల్యాబ్‌ల గురించే రాశారు. పశువుల జబ్బుల మీద పనిచేసే పాత ల్యాబ్‌ని పై భద్రతా స్థాయికి తీసుకెళ్లడం అంటే ఏమిటి, అది మనకెందుకు, అందులో ప్రమాదమెంత అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారూ, 2025 ఫిబ్రవరిలో మా మండలం వేల్పూరులోనూ, అటు పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ కోళ్లు పోయినప్పుడు శాంపిళ్లు భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ల్యాబ్‌కి పంపారు. రిపోర్టు వచ్చేదాకా మేము పడ్డ టెన్షన్ చెప్పలేను. ఇన్ని లక్షల కోళ్లున్న గోదావరి జిల్లాల్లో ఒక ల్యాబ్‌ని ఆ స్థాయికి ఎందుకు పెంచరు?
- ఓ కోళ్ల రైతు, తణుకు

జవాబు: మీ బాధ నాకు బాగా తెలుసండీ. షెడ్డులో రోజూ కోళ్లు రాలిపోతుంటే, అది ఏ జబ్బో తేలకపోతే, పక్క షెడ్డు కోళ్లని అమ్మాలా ఆపాలా తెలియక, మేత లారీని లోపలికి రానివ్వాలా వద్దా తెలియక రైతు చచ్చిపోతాడు. అయితే ఇక్కడ రెండు పనులున్నాయి, వాటిని విడివిడిగా చూడాలి.

మొదటిది, శాంపిల్‌లో బర్డ్ ఫ్లూ వైరస్ ఉందా లేదా అని చూడటం. కరోనా రోజుల్లో మనందరికీ పరిచయమైన ఆర్‌టీ పీసీఆర్ పరీక్షే ఇది. శాంపిల్‌ని మొదట ఒక రసాయనంలో కలుపుతారు, దాంతో వైరస్ చచ్చిపోతుంది, దాని జన్యు పదార్థం మాత్రం మిగులుతుంది, పరీక్ష చేసేది ఆ మిగిలినదాని మీద. ఆ కలిపే కాస్త పనినీ సరైన బయోసేఫ్టీ క్యాబినెట్‌లో, అంటే సూక్ష్మజీవులు బయటికి రాకుండా గాలిని వడకట్టే పెట్టెలో, శిక్షణ ఉన్న మనిషి చేస్తే, నాలుగు భద్రతా స్థాయిల్లో రెండో స్థాయి ల్యాబ్ సరిపోతుంది. రెండోది, బతికున్న వైరస్‌ని కోడిగుడ్లలో పెంచడం, అది ఏ రకమో, కోళ్లని ఎంత వేగంగా చంపుతుందో తేల్చడం. దీనికి కట్టుదిట్టమైన ల్యాబ్ కావాల్సిందే. భోపాల్ సంస్థ చేసేది ఇది. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశంలో మొట్టమొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు తేల్చింది కూడా అక్కడే. అప్పట్లో అది హై సెక్యూరిటీ యానిమల్ డిసీజ్ ల్యాబొరేటరీ, 2014లో జాతీయ సంస్థ అయింది. దేశంలో జబ్బు ఉందని అధికారికంగా ప్రకటిస్తే ప్యారిస్‌లోని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థకి చెప్పాలి, ఎగుమతులు ఆగుతాయి, కిలోమీటరు పరిధిలో కోళ్లన్నీ పోతాయి. కాబట్టి ఆ మాట ఒక్క చోటి నుంచే రావడంలో అర్థముంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గోదావరి జిల్లాలకి కావాల్సింది మరో భోపాల్ కాదు, అనుమానం వచ్చిన రోజే పీసీఆర్ చేసి రైతుకి "కదలికలు ఆపండి" అని చెప్పగల, సెలవు రోజుల్లో కూడా తెరిచి ఉండే ల్యాబ్. అధికారిక నిర్ధారణ భోపాల్ నుంచే రానివ్వండి, ఈలోగా మీరు గుడ్డిగా కూర్చోనక్కర్లేదు. ఆ ల్యాబ్‌ని ఉన్న ల్యాబ్‌లోనే, తక్కువ ఖర్చుతో తయారు చేసుకోవచ్చు. అడగాల్సింది అది.

ప్రశ్న: మా జిల్లా పశువ్యాధుల ల్యాబ్‌ని అప్‌గ్రేడ్ చేశామని పేపర్లో వేశారు. వెళ్లి చూస్తే కొత్త మెషిన్లు, ఏసీలు, గాజు తలుపులు ఉన్నాయి. బయోసేఫ్టీ స్థాయి పెరగడమంటే ఇదేనా?
- ఓ రిటైర్డ్ సైన్స్ టీచర్, ఖమ్మం

జవాబు: కాదు మాస్టారూ. మెషిన్లు మంచివే, వాటితో పరీక్షలు పెరుగుతాయి, కానీ బయోసేఫ్టీ స్థాయి అనేది "లోపల ఉన్న సూక్ష్మజీవి బయటికి పోకుండా ఏం చేశారు" అన్న ప్రశ్నకి జవాబు. ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటుంది. రెండు నుంచి మూడుకి వెళ్లడం దగ్గరే అసలు కష్టమంతా ఉంది, ఎందుకంటే రెండో స్థాయి దాకా ప్రధానంగా మనిషి జాగ్రత్త, బల్ల మీద క్యాబినెట్, చేతి తొడుగులు. మూడో స్థాయిలో భవనమే పని చేయాలి.

గదిలో గాలి పీడనం బయటికన్నా తక్కువ ఉండాలి. అప్పుడు తలుపు తెరిస్తే గాలి లోపలికే వస్తుంది, బయటికి పోదు. ఇది నిజంగా జరుగుతోందా అని చూడటానికి ఒక చిన్న పరీక్ష చేస్తాం: సన్నటి పొగ వదిలే గొట్టాన్ని తలుపు కింది సందు దగ్గర పట్టుకుంటాం. పొగ నేల మీద పాకుతూ లోపలికి లాక్కుపోతే సరే, అక్కడే తారాడినా, మన కాళ్ల వైపు తిరిగినా ఆ గదిలో ఆ రోజు పని లేదు. లోపలి నుంచి బయటికి తోలే గాలి హెపా ఫిల్టర్ల గుండా పోవాలి. ఆ ఫిల్టర్లు 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపుతాయి, కానీ చుట్టూ ఉన్న రబ్బరు పట్టీలో చిన్న చీలిక ఉంటే ఈ లెక్క ఎందుకూ పనికిరాదు. అందుకే ఫిల్టర్ని బిగించాక, అది బిగించిన చోటే, ఏటా లీకు పరీక్ష చేయాలి. గాలిని బయటికి లాగే ఫ్యాన్ ఆగిపోతే, లోపలికి తోసే ఫ్యాన్ కూడా ఆ క్షణమే ఆగేలా వైరింగ్ ఉండాలి. లేకపోతే గది బెలూన్‌లా ఉబ్బి, ఉన్నదంతా తలుపు సందుల్లోంచి వరండాలోకి తోసేస్తుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లలో ఏమవుతుందో పరీక్షించకుండా ఏ ల్యాబ్‌నీ మూడో స్థాయి అనకూడదని నా మాట.

పశువులతో పనిచేసే ల్యాబ్‌కి ఇంకో తిప్పలుంది. ఎలుకనైతే క్యాబినెట్‌లో పెట్టొచ్చు, గేదెని ఎక్కడ పెడతారు? అందుకే పెద్ద పశువుల దగ్గర గది మొత్తమే క్యాబినెట్ అవుతుంది. దాన్ని విడిగా బీఎస్‌ఎల్-3 ఏజీ అంటారు. బీఎస్‌ఎల్ అంటే బయోసేఫ్టీ లెవెల్, ఏజీ అగ్రికల్చర్‌కి గుర్తు. తలుపులు గాలి చొరకుండా బిగుసుకోవాలి, గోడల్లోంచి పోయే ప్రతి వైరు రంధ్రం, ప్రతి పైపు చుట్టూ సీలు చేయాలి, గదిని మూసి గాలి తీసి పీడనం ఎంతసేపు నిలబడుతుందో కొలవాలి. లోపలున్న పశువు ఊరుకోదు. తలుపుని తంతుంది, గిట్టలతో నేల పూతని చెక్కేస్తుంది, ఎండుగడ్డి దుమ్ము, వెంట్రుకలు ఫిల్టర్లకి అడ్డం పడతాయి. రోజూ కిలోలకొద్దీ పేడ, మూత్రం, కడిగిన నీళ్లు. ఆ నీళ్లలో చుక్క కూడా వేడితోనో రసాయనంతోనో శుద్ధి కాకుండా బయటి కాలవలోకి పోకూడదు.

చనిపోయిన పశువుని పాతిపెట్టడానికీ లేదు. చాలాచోట్ల కాల్చేస్తారు. కొన్నిచోట్ల పెద్ద స్టీలు పాత్రలో గాఢమైన క్షారంతో, 150 డిగ్రీల వేడి దగ్గర, ఒత్తిడితో కొన్ని గంటలు ఉడికిస్తారు. తెరిచి చూస్తే గోధుమరంగు ద్రవం, చేత్తో నలిపితే పొడైపోయే ఎముకలు తప్ప ఏమీ మిగలవు. గ్లాస్ తలుపులకన్నా ముందు మీ జిల్లా ల్యాబ్ వాళ్లని "చచ్చిన పశువుని ఏం చేస్తారు, కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి" అని అడగండి. వాళ్లు రెండో స్థాయి ల్యాబే అయినా ఈ రెండింటికీ జవాబు ఉండాలి.

ప్రశ్న: పశువుల నోట్లో, గిట్టల దగ్గర పుండ్లు పుట్టించే గాలికుంటు వ్యాధి మనుషులకి రాదు కదా. మరి దాని మీద పనిచేసే ల్యాబ్‌కి ఎబోలా ల్యాబ్‌కి చేసినంత హడావిడి ఎందుకు?
- ఓ పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మనుషులకి ప్రమాదం, పశువులకి ప్రమాదం - ఈ రెండింటికీ కొలబద్దలు వేరు. గాలికుంటు వైరస్ పట్టుకున్న సైంటిస్టుకి ఏమీ కాదు, కానీ అతని ముక్కులో అది కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు పైన కూడా బతికే ఉండగలదు. మనిషికి జ్వరం ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు, ఇంటికి పోయి పాలు పితికితే అంతే. గాలికి కూడా పాకుతుంది. 2001లో బ్రిటన్‌లో ఈ జబ్బు వచ్చినప్పుడు 60 లక్షలకి పైగా పశువుల్ని చంపేశారు. ఆ జబ్బు లేని దేశంలో అది ల్యాబ్ దాటి వస్తే పాడి, మాంసం ఎగుమతులు మర్నాడే బంద్. మన దేశంలో జబ్బు ఇంకా ఉంది కాబట్టి, 2019లో 13,343 కోట్ల రూపాయలతో గాలికుంటు మీద, చూడి పశువులు ఈసుకుపోయే బ్రుసెల్లోసిస్ జబ్బు మీద జాతీయ కార్యక్రమం మొదలుపెట్టాం. టీకాలతో జబ్బు తగ్గేకొద్దీ మన ల్యాబ్‌లు ఇంకా గట్టిగా ఉండాలి, ఎందుకంటే ఊళ్లో లేని వైరస్ ఫ్రీజర్లో మాత్రమే మిగిలిన రోజు ఆ ఫ్రీజరే పెద్ద ముప్పు.

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో పశువుల టీకాలు తయారుచేసే కంపెనీకి దగ్గర్లోనే ఉంటాం. ల్యాబ్ నుంచి జబ్బు బయటికి రావడం నిజంగా ఎక్కడైనా జరిగిందా, లేక సినిమాల్లోనేనా? భయపెట్టకుండా నిజం చెప్పండి.
- ఓ గృహిణి, గచ్చిబౌలి

జవాబు: జరిగిందమ్మా. మీ పక్కనున్న సంస్థలో జరిగిందని కాదు, అలాంటి అనుమానం పెట్టుకోకండి. 1982లో నేషనల్ డెయిరీ డెవలప్‌మెంట్ బోర్డు పెట్టిన ఆ సంస్థ గాలికుంటు టీకాల వల్ల మన రైతులకి జరిగిన మేలు చాలా పెద్దది. కానీ నిజం అడిగారు కాబట్టి ఇంగ్లండ్ కథ వివరంగా చెబుతాను. పాత ల్యాబ్‌ల గురించి మాట్లాడే ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సిన కథ ఇది.

సర్రే ప్రాంతంలో పిర్‌బ్రైట్ అని ఒక ఊరు. గాలికుంటు మీద ప్రపంచంలోనే పేరున్న పరిశోధన సంస్థ అక్కడ ఉంది. అదే ఆవరణలో ఒక ప్రైవేటు టీకా కంపెనీ కూడా ఉండేది. సంస్థ వాళ్లు పరిశోధనకి కాస్త వైరస్ వాడితే, కంపెనీ వాళ్లు టీకా కోసం వేల లీటర్లలో పెంచేవాళ్లు. రెండు చోట్ల నుంచీ వచ్చే మురుగు భూమిలో పాతిన పైపుల్లోంచి పోయి ఆఖరి ట్యాంకులో కాస్టిక్ సోడాతో శుద్ధి అయ్యేది. అంటే మధ్యలో పైపుల్లో పోయేటప్పుడు ఆ నీటిలో బతికున్న వైరస్ ఉండే అవకాశం ఉంది.

2007 ఆగస్టు 3న, అక్కడికి దాదాపు ఐదు కిలోమీటర్ల దూరంలో నార్మండీ అనే గ్రామంలో ఒక రైతు ఆవులకి గాలికుంటు ఉందని తేలింది. వైరస్ రకం చూస్తే 1967 నాటి పాత రకం. అది అప్పటికి ఏ దేశంలోనూ పశువుల్లో తిరగడం లేదు, ల్యాబ్‌ల్లోనూ టీకా ఫ్యాక్టరీల్లోనూ మాత్రమే ఉంది. అంటే ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది.

విచారణలో తేలింది ఇది: పైపులు పాతవి, పగుళ్లున్నాయి, చెట్ల వేళ్లు లోపలికి చొచ్చుకుపోయాయి, మ్యాన్‌హోళ్లు సరిగ్గా సీలు చేయలేదు. ఆ జూలైలో ఇంగ్లండ్‌లో విపరీతమైన వానలు, మురుగు పొంగి చుట్టూ మట్టిలోకి చేరి ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఆవరణలో కొత్త భవనాల పని జరుగుతోంది. ఆ పనికొచ్చిన వాహనాల చక్రాలకి ఆ మట్టి అంటుకుని రోడ్డెక్కి ఉంటుందని, వాటిలో కొన్ని ఆ రైతు పొలం పక్క దారినే వెళ్లాయని విచారణ చేసినవాళ్లు అంచనాకి వచ్చారు. ఆ ఏడాది మొత్తం ఎనిమిది చోట్ల జబ్బు వచ్చింది. బ్రిటన్ పశువుల ఎగుమతులు ఆగిపోయాయి. ప్రభుత్వానికి దాదాపు 4.7 కోట్ల పౌండ్లు, పశుపోషకులకి 10 కోట్ల పౌండ్ల నష్టమని తర్వాత లెక్క తేల్చారు.

నాకు కడుపు మండేది ఎక్కడంటే, పైపులు పాడయ్యాయన్న సంగతి కొన్నేళ్ల ముందే తెలుసు. బాగుచేయడానికి డబ్బు ఎవరు పెట్టాలి, సంస్థా, కంపెనీనా, ప్రభుత్వ శాఖా అన్న చర్చ తెగలేదు. లోపల హెపా ఫిల్టర్లు, గాలి పీడనాలు, షవర్లు అన్నీ ఉన్నాయి, బయట మట్టిలో పాతిన పైపు ఎవరిదీ కాకుండా పోయింది. పైగా లైసెన్సు ఇచ్చి తనిఖీ చేసే శాఖే ఆ సంస్థతో పని చేయించుకునే శాఖ కూడా. తనిఖీలో గట్టిగా మాట్లాడితే తన పనే ఆగుతుంది, ఖర్చూ తన మీదికే వస్తుంది. ఆ తర్వాత ఆ తనిఖీ బాధ్యతని వేరే సంస్థకి, కార్మికుల భద్రత చూసే హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్‌కి మార్చారు. పిర్‌బ్రైట్‌లో 13.5 కోట్ల పౌండ్లతో పూర్తిగా కొత్త హై కంటైన్‌మెంట్ భవనం కట్టారు, దానికి రిండర్‌పెస్ట్ టీకా తయారుచేసిన వాల్టర్ ప్లోరైట్ పేరు పెట్టారు. ఆయన టీకా సాయంతోనే ఆ పశువుల మహమ్మారి ప్రపంచంలో లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. అంత మంచి పని చేసే రంగం ఒక మురుగు పైపు దగ్గర పరువు పోగొట్టుకుంది.

చైనాలో లాన్‌జౌ సంగతి కూడా చెప్పాలి. 2019 జూలై, ఆగస్టుల్లో అక్కడి ఒక పశువుల టీకా ఫ్యాక్టరీలో, బ్రుసెల్లోసిస్ టీకా తయారీలో బయటికి వదిలే గాలిని శుద్ధి చేయడానికి గడువు తీరిన మందు వాడారు. ఆ జబ్బు మనుషులకీ వస్తుంది. సూక్ష్మజీవులు గాలికి కొట్టుకుపోయి పక్కనే ఉన్న పశువైద్య పరిశోధన సంస్థ మీదికి పోయాయి. మొదట బయటపడింది ఆ సంస్థలోని విద్యార్థుల్లో, సిబ్బందిలోనే. తర్వాత ఊళ్లో పరీక్షలు చేస్తే 10 వేల మందికి పైగా పాజిటివ్ వచ్చింది. యంత్రం ఉంది, మందు సీసా కూడా ఉంది, దాని మీది తేదీ చూసేవాళ్లు లేరు.

మీరు భయపడనక్కర్లేదు, కానీ అడిగే హక్కు మీకుంది. మీ కాలనీ సంఘం తరఫున ఏ సంస్థనైనా "మీ మురుగు శుద్ధిని, ఫిల్టర్లని మీతో డబ్బు సంబంధం లేనివాళ్లు ఎప్పుడు తనిఖీ చేశారు" అని మర్యాదగా ఉత్తరం రాయండి. బాగా నడిచే సంస్థకి ఆ ఉత్తరం వల్ల కోపం రాదు.

ప్రశ్న: నేను నలభై ఏళ్లు భవనాలు కట్టించిన ఇంజినీరుని. పాత భవనాన్ని ఇంత బాగుచేసే బదులు పడగొట్టి కొత్తది కట్టడం చవక కాదా?
- ఓ రిటైర్డ్ ఇంజినీరు, కాకినాడ

జవాబు: చాలాసార్లు మీరన్నదే నిజం సార్. పాత భవనంలో మొదటి అడ్డంకి సీలింగ్ ఎత్తు. హెపా ఫిల్టర్ల పెట్టెలు, వెల్డింగ్ చేసిన స్టీలు డక్టులు, మెయింటెనెన్స్ మనిషి నిలబడి పని చేసుకునే జాగా - వీటన్నిటికీ ల్యాబ్ పైన దాదాపు ఇంకో అంతస్తంత ఖాళీ కావాలి. పాత ఇటుక గోడకి వచ్చే సన్న పగుళ్లు మామూలు ఆఫీసుకి పర్వాలేదు, గాలి బిగువు పరీక్షలో మాత్రం దొరికిపోతాయి. పైపులు నేలలో పాతకుండా, మనిషి నడిచి చూడగలిగే సొరంగంలో, పైపులో పైపు పెట్టి, మధ్యలో తడి తగిలితే అలారం మోగేలా వేయాలి. ఉన్న పునాదుల కింద అది చేయడం ఎంత కష్టమో నాకన్నా మీకే తెలుసు. ఇంకో చిక్కు, పని మొదలుపెట్టే ముందు గదుల్ని ఫార్మాల్డిహైడ్‌తోనో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితోనో శుద్ధి చేయాలి, ఆ నెలలన్నీ పరిశోధన ఎక్కడ జరగాలి? ఒక పక్క వైరస్, ఇంకో పక్క మేస్త్రీలు ఉన్న ఆవరణలో ఏం జరిగిందో పిర్‌బ్రైట్‌లో చూశాం.

పూర్వం భద్రత అంటే దూరమే. జర్మనీలో ఫ్రీడ్రిష్ లోఫ్లర్ గాలికుంటు వైరస్ మీద ప్రయోగాలు చేస్తుంటే చుట్టుపక్కల పశువులకి జబ్బు అంటుకుంటోందని ఆయన ల్యాబ్‌ని 1910లో రీమ్స్ అనే దీవికి మార్చారు. మన దేశంలో 1889లో పుణేలో మొదలైన ల్యాబ్‌ని 1893లో హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కి తీసుకెళ్లిందీ ఊళ్లకి దూరంగా ఉంటుందనే. అమెరికా 1954లో న్యూయార్క్ దగ్గర ప్లమ్ ఐలాండ్‌లో పెట్టుకుంది. అక్కడ కూడా 1978లో వైరస్ ల్యాబ్ దాటి, దీవి మీదే బయటి కొట్టాల్లో ఉన్న పశువులకి సోకింది, కానీ చుట్టూ నీళ్లుండటం వల్ల అక్కడితో ఆగింది.

అన్నీ పడగొట్టక్కర్లేదు కూడా. ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో 1985లో తెరిచిన ల్యాబ్‌ని మొదటి నుంచే డబ్బాలో డబ్బా పద్ధతిలో కట్టారు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని పడగొట్టకుండా బాగుచేసుకోవడానికి అక్కడి ప్రభుత్వం సుమారు 22 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఇవ్వగలిగింది. ఎముకల గూడు గట్టిదైతే బాగుచేయండి, లేకపోతే కొత్తది కట్టి, పాతదాన్ని కింది స్థాయి పనులకి వాడుకోండి.

ప్రశ్న: మేముండేది కాన్సస్‌లో. ప్లమ్ ఐలాండ్ బదులు మాన్‌హాటన్‌లో కొత్త ల్యాబ్ కట్టారు. పశువుల రాష్ట్రం నడిబొడ్డున ఇదేం పని అని ఇక్కడ చాలామంది అంటారు. మీరేమంటారు?
- ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఓవర్‌లాండ్ పార్క్

జవాబు: న్యూయార్క్ మాన్‌హాటన్ కాదని మిగతా పాఠకులకి చెబుతున్నాను, కాన్సస్‌లోనూ ఆ పేరుతో ఒక ఊరుంది. 125 కోట్ల డాలర్లతో కట్టి 2023 మేలో ప్రారంభించిన ఆ ల్యాబ్‌లో పెద్ద పశువులతో నాలుగో స్థాయి పని కూడా చేయొచ్చు. 2010లో అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్, అప్పటి ప్రభుత్వ లెక్కల్ని పరిశీలించి, 50 ఏళ్లలో వైరస్ బయటపడే అవకాశం దాదాపు 70 శాతమని చెప్పింది. డిజైన్ మార్చాక ప్రభుత్వం ఆ అంకెని 0.11 శాతానికి తగ్గించి చూపింది, కౌన్సిల్ ఆ లెక్కని కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. నేనైతే రెండు అంకెలనీ నెత్తిన పెట్టుకోను. ఆ మొదటి అంకె వల్లే డిజైన్ గట్టిపడింది, అది మేలు. దీవి పోయాక నీటి అడ్డం లేదు, ఇక అక్కడ మిగిలింది యంత్రాలు, మనుషులు, ఏటా మెయింటెనెన్స్ డబ్బు. మీ రాష్ట్ర ప్రతినిధుల్ని అడగాల్సింది ఆ మూడోదాని గురించే.

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో వెటర్నరీ చదువుతున్నాను. ఇలాంటి ల్యాబ్‌లో పని చేయాలని ఉంది, ఇంట్లో భయపడుతున్నారు. లోపల రోజు ఎలా ఉంటుంది?
- ఓ విద్యార్థిని

జవాబు: మీ ఆసక్తి చాలా సంతోషంగా ఉందమ్మా, తప్పకుండా వెళ్లండి. లోపలికి వెళ్లేటప్పుడు ఒంటి మీది బట్టలు, గాజులు, వాచీ, ఫోను అన్నీ బయటి గదిలో వదిలి ల్యాబ్ బట్టలు వేసుకుంటారు. బయటికొచ్చేటప్పుడు ఆ బట్టలు లోపలే వదిలి, తలస్నానం చేసి, గోళ్ల సందులు రుద్దుకుని, గాలికుంటు ల్యాబ్ అయితే ముక్కు చీది, గొంతు సవరించుకుని ఉమ్మి, అప్పుడు అవతలి గదిలోకి రావాలి. కళ్లజోడు మందులో ముంచాలి. నోట్‌బుక్ బయటికి రాదు, స్కాన్ చేసి పంపుకోవాలి. మధ్యాహ్నం భోజనానికి వచ్చినా ఇదంతా చేయాలి, అందుకే చాలామంది టీ మానేస్తారు.

మీ ఇంట్లోవాళ్లకి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. గాలికుంటు వైరస్‌తో పనిచేశాక కొన్ని రోజుల దాకా ఆవు, గేదె, మేక లాంటి, గిట్ట రెండుగా ఉండే పశువుల దగ్గరికి పోకూడదు. సంస్థని బట్టి మూడు రోజులు, ఐదు రోజులు ఇలా నియమం ఉంటుంది. మీ ఇంట్లో గేదెలుంటే, శనివారం సాయంత్రం ఊరెళ్లి దొడ్లోకి అడుగుపెట్టడం కుదరదు. మన పల్లెల నుంచి వచ్చిన పిల్లలకి ఇది ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన నియమం, ఎవరూ చూడరు కాబట్టి తప్పడం కూడా చాలా తేలిక. చేరేముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, తప్పు జరిగితే రిపోర్టు చేసినవాళ్లని ఏం చేస్తారో అడగండి. "మెమో ఇస్తాం" అంటే ఆ ల్యాబ్ వద్దు, ఎందుకంటే అక్కడ తొడుగు చిరిగినా ఎవరూ నోరు విప్పరు.

ప్రశ్న: మాకు పది ఆవులున్నాయి. ల్యాబ్‌కి కోట్లు పెడితే మాకేం ఒరుగుతుంది? ఆ డబ్బుతో మా ఊరికి డాక్టర్ని వేయొచ్చు కదా?
- ఓ పాడి రైతు మహిళ, పలమనేరు

జవాబు: మీ ఊరికి డాక్టర్ కావాలమ్మా, అందులో నాకు రెండో మాట లేదు. ల్యాబ్ కోసం డాక్టర్ పోస్టు ఆపితే నేనూ మీతో కలిసి అడుగుతాను. కానీ మీ ఆవులకి వేసే గాలికుంటు టీకా, ఇప్పుడు ఊళ్లలో తిరుగుతున్న వైరస్‌కి సరిపోతుందో లేదో తేల్చాలంటే, ఆ వైరస్‌ని బతికించి పెంచి టీకాతో పోల్చి చూసే కట్టుదిట్టమైన చోటు ఎక్కడో ఒకటి ఉండాలి. ఒడిశాలో భువనేశ్వర్ దగ్గర అరుగుల్‌లో ఉన్న సంస్థ పని అదే. అది ఆగితే మీ డాక్టర్ చేతిలో సిరంజి ఉంటుంది, అందులో మందు పనిచేస్తుందో లేదో చెప్పేవాళ్లుండరు. నా అసలు గొడవ, కొత్త ల్యాబ్ ప్రారంభానికి డబ్బు దొరుకుతుంది, ఐదో ఏడు ఫిల్టర్లు మార్చడానికి దొరకదు. మూడో స్థాయి ల్యాబ్‌లో లోపలి గాలిని మళ్లీ తిప్పి వాడరు, రాత్రీ పగలూ బయటి గాలినే చల్లబరిచి లోపలికి తోస్తుండాలి. మన ఎండల్లో ఆ కరెంటు బిల్లే ఎంతో ఊహించుకోండి. అది కట్టలేని చోట ఆ ల్యాబ్ పెట్టకపోవడమే మంచిది.

ఈలోగా మీ చేతిలో ఉన్నది ఒకటి చెబుతాను. పశువు నోట్లో పుండ్లు, చొంగ, కుంటడం కనిపిస్తే దాన్ని డాక్టర్ దగ్గరికి తోలుకెళ్లకండి, డాక్టర్నే పిలవండి. పుండు మీది పొర ముక్కని ఆయన తీసి, మందులో వేసి, మూడు పొరల డబ్బాలో ఐస్‌తో పంపుతారు. దొమ్మ (ఆంత్రాక్స్) అనుమానం ఉంటే, అంటే ఉన్నట్టుండి చచ్చిపడి ముక్కు నుంచి నల్లటి రక్తం కారితే, పశువుని అస్సలు కోయనివ్వకండి. కోళ్లు చచ్చినప్పుడు కూడా అంతే, మోటార్ సైకిల్‌కి సంచిలో కట్టుకుని ల్యాబ్‌కి తీసుకెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ సంచి ఆగిన ప్రతి చోటా, టీ కొట్టు దగ్గరా, పెట్రోలు బంకులోనూ, జబ్బుని దింపుతూ పోతున్నట్టే. షెడ్డు గేటు మూసి, ఫోన్ చేయండి.